శిమిలిగూడ బోర్డు

విశాఖపట్నం నుంచి కిరండూల్ వెళ్లే పాసింజరు బొర్రా గుహలు దాటి శిమిలిగూడలో ఆగితే చాలు, ఫోన్లు పట్టుకుని కిందికి దిగేవాళ్లు ఉంటారు. వాళ్ల గురి లోయ మీద కాదు, బోర్డు మీద. పసుపుపచ్చ పలక, నల్లటి అక్షరాలు, ఊరి పేరు, సముద్రమట్టానికి 996.32 మీటర్లన్న లెక్క. దేశంలోని బ్రాడ్‌గేజి స్టేషన్లన్నిటిలోకీ ఎత్తయినది ఇదేనని ఇక్కడి బోర్డు చాటుకుంది.

దశాబ్దాల పాటు అది నిజమే.

ఇంత ఎత్తుకు పెద్ద రైలు రావడానికి కారణం పర్యాటకులు కాదు, ఇనుప ఖనిజం. బైలదిల్లా గనుల ఖనిజాన్ని జపాన్‌కు అమ్మాలని 1960లో ఒప్పందం కుదిరింది. అడవిలోని ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చాలి. మధ్యలో తూర్పు కనుమలు. దండకారణ్య-బొలంగీర్-కిరిబురు ప్రాజెక్టు కింద 1960ల్లో కొత్తవలస-కిరండూల్ లైను వేశారు. దారి పొడవునా 58 సొరంగాలు తవ్వారు. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి మీదుగా ఘాట్ ఎక్కే రైలుకు కొన్నిచోట్ల ప్రతి 60 మీటర్లకూ ఒక మీటరు ఎగుడు. ఆ ఎక్కడమంతా ముగిసేది శిమిలిగూడలో. అరకు ఇంకా ముందుంది కానీ, ఎత్తులో దీనికి తక్కువే. ఖాళీ వ్యాగన్లు ఆయాసపడుతూ ఇక్కడికి ఎక్కుతాయి. ఖనిజం నింపుకున్నవి ఇక్కణ్ణుంచి బ్రేకులు పట్టుకుని దిగుతాయి.

స్టేషన్ బోర్డు మీద ఎత్తు రాసేది డ్రైవరుకు వాలు తెలియడానికేనని తరచూ చెబుతుంటారు. నమ్మబుద్ధి కాదు. వాలు చెప్పడానికి పట్టాల పక్కన గ్రేడియంట్ పోస్టులు వేరే ఉంటాయి. ఒక స్టేషన్ ఎత్తు తెలిసినంత మాత్రాన రాబోయే ఘాట్ సంగతి ఏం తెలుస్తుంది?

ఆ అంకె వెనక ఇంకో సంగతి ఉంది. ఎత్తు లెక్కకు సున్నా ఎక్కడ? 1909లో ఖరారైన లెక్కకు తొమ్మిది రేవుల్లో ఆటుపోట్లు కొలిచి సగటు సముద్రమట్టం తేల్చారు. ఆ తొమ్మిదింటిలో విశాఖపట్నం ఒకటి. కొండ మీది 996.32కు మొదలు ఈ లైను చివరి రేవులోనూ ఉందన్నమాట.

ఇక బోర్డు చాటిన రికార్డుకు 'బ్రాడ్‌గేజి' అన్న షరతు తప్పనిసరి. డార్జిలింగ్ లైనులోని ఘుమ్ 2,258 మీటర్ల ఎత్తున ఉంది, కానీ అది నారోగేజి. చివరికి 2008 అక్టోబరులో కాశ్మీర్ లోయలో బ్రాడ్‌గేజి రైలు నడవడం మొదలైంది. అక్కడి స్టేషన్లు 1,500 మీటర్లకు పైమాటే. శిమిలిగూడ మొదటి స్థానం అలా పోయింది.

పోయిన రికార్డు బోర్డును ఏం చేయాలి? ఇలాంటి ప్రశ్నకు అమెరికాలోని లాస్ వేగాస్ చక్కటి జవాబు చూపింది. అక్కడ కూల్చేసిన హోటళ్ల నియాన్ బోర్డులను 1996లో ఏర్పడిన నియాన్ మ్యూజియం ఏరుకుని దాచింది. 2007లో నేలకూల్చిన స్టార్‌డస్ట్ హోటల్ పాత బోర్డు అక్షరాలు ఆరుబయట నిలబడి ఉంటే, జనం టిక్కెట్టు కొని మరీ చూస్తున్నారు. హోటలే లేనప్పుడు దాని బోర్డు అబద్ధమని అక్కడ ఎవరూ పారేయలేదు.

శిమిలిగూడ బోర్డులో విద్యుత్తు లేదు, వెలుగు లేదు. ఉన్నది రంగు మాత్రమే. కొత్తవలస-కోరాపుట్ మధ్య రెండో లైను పనులు సాగుతున్నాయి. కొత్త లైను వస్తే ప్లాట్‌ఫారాలతో పాటు బోర్డులూ మారతాయి. పాతది తుక్కు కింద తూకానికి పోకముందే, అరకు గిరిజన మ్యూజియం ఆవరణలో కాస్త చోటు అడగొచ్చు. పక్కనే '2008 దాకా' అని ఒక చిన్న పలక పెడితే సరి.