పటంలో రాజు, పటం వెనుక కొండ

పాత రాజుల పటాలు చూపిస్తే మన పిల్లలు నగలు, కత్తి, మీసం చూసి దాటిపోతారు. పటం కూడా ఒక దస్తావేజే. దాన్ని చదవడం మనం నేర్చుకోవాలి, పిల్లలకు నేర్పాలి.

ముందుగా తిరుమల గుడిలోని శ్రీకృష్ణదేవరాయల రాగి విగ్రహం చూద్దాం. తలపై పొడవాటి కుళ్ళాయి, ఇరుపక్కల తిరుమలదేవి, చిన్నాదేవి. అంతటి రాజు సింహాసనం మీద లేడు. చేతులు జోడించి నిలబడ్డాడు. తాను ఎవరికి తల వంచుతాడో ఆ చేతులే చెబుతున్నాయి.

ఇప్పుడు మన ఉత్తరాంధ్రకు వద్దాం. విజయనగరం మహారాజు విజయరామ గజపతి 1845 నుంచి 1879 వరకు గద్దె మీద ఉన్నాడు. బ్రిటిష్ ప్రభుత్వం 1861లో పెట్టిన 'స్టార్ ఆఫ్ ఇండియా' బిరుదు ఆయనకు దక్కింది. ఆ బిరుదు పొందినవారి పటాల్లో రెండు గుర్తులు వెతకాలి. ఛాతీపై అయిదు కోణాల నక్షత్రం ఒకటి. తెల్లని అంచులున్న లేత నీలం రిబ్బనుకు వేలాడే పతకం రెండోది. ఆ పతకం మీద ఉన్నది విక్టోరియా రాణి ముఖం.

ఈయన తాత చిన విజయరామరాజు 1794 జూలై 10న పద్మనాభం దగ్గర ఈస్టిండియా కంపెనీ సైన్యంతో పోరాడి చనిపోయాడు. మనవడి కాలానికి ఆ దొరల రాణి ముఖమే గౌరవ చిహ్నమైంది. మధ్యలో జరిగిన చరిత్ర అంతా ఆ చిన్న పతకంలో ఉంది.

ఆ మధ్యలో మన కొండ కూడా ఉంది. తండ్రి చనిపోయాక కొడుకు నారాయణబాబు కొండలకే పారిపోయాడు. కొండ జమీందార్లు అతనికి అండగా నిలిచారు. కంపెనీ చివరికి అతనితో రాజీపడి, ఎస్టేటును తగ్గించి ఇచ్చింది. కొండ ఆశ్రయం లేకపోతే ఆ వంశం కథ ఏమయ్యేదో ఆలోచించండి. రాజుల పటాల్లో మాత్రం ఆ కొండకు గుర్తంటూ లేదు.

మన సవరల గోడ బొమ్మలు పక్కన పెట్టి చూడండి. అక్కడ మనుషులు, జంతువులు, చెట్లు అన్నీ కలిసే ఉంటాయి. ఒక్కడి కోసం గోడంతా కేటాయించరు.

పరవాడలో పాఠాలు చెప్పే మేము ఏ పటం చూపించినా మూడు ప్రశ్నలు వేయిస్తాం. ఇతను ఎవరి ముందు వంగాడు? ఒంటి మీది గుర్తు ఎవరిచ్చారు? ఇతన్ని నిలబెట్టిన వాళ్ళలో పటంలో లేనిదెవరు? మూడో ప్రశ్నకు జవాబు కోసం పిల్లలు ఇంటికెళ్ళి పెద్దలను అడగాలి. మన చరిత్ర చాలావరకు వాళ్ళ నోళ్ళలోనే ఉంది. వాళ్ళుండగానే రాసుకుందాం.