నీళ్లు దిగని మూట

ఉగాదికి ముందురోజు సాయంత్రం. పుణెలోని సదాశివ పేఠ్. గుంటూరు నుంచి కోడలుగా వచ్చిన అమ్మాయికి అత్తింట్లో ఇదే తొలి పండగ. మరాఠీ వాళ్లకు ఉగాది రోజే గుడీ పాడ్వా. పొద్దున్నే వేపాకు, బెల్లం నోట్లో వేసుకోవాలి. గుమ్మం ముందు గుడీ, అంటే పట్టుగుడ్డ కట్టి చెంబు బోర్లించిన కర్ర, ఎత్తాలి. మధ్యాహ్నం విస్తట్లో పూరీ, శ్రీఖండ్ పడాలి. పైగా చుట్టాలొస్తున్నారు.

"ఈసారి శ్రీఖండ్ నీ చేతిదే" అనేశారు అత్తగారు.

మూడు లీటర్ల గేదెపాల పెరుగు. పొద్దున తోడేసింది, కమ్మగా పేరుకుంది. పలచటి పంచెగుడ్డలో మూటగట్టి వంటింటి కొక్కేనికి వేలాడదీసింది. కింద పెట్టిన గిన్నెలోకి పచ్చటి తేట టపటపా రాలింది.

రాత్రి పదయింది. చప్పుడు ఆగిపోయింది. హమ్మయ్య అనుకుంటూ మూట తడిమింది. గుండె ఝల్లుమంది. బరువు తగ్గలేదు, నొక్కితే జారుగా కదులుతోంది!

"ఆయీ, నీళ్లు దిగడం లేదు. తెల్లారేదాకా ఈ ఉక్కలో ఉంటే పెరుగు పులిసిపోతుంది" అంటూ మూటను రెండు చేతులా పిండబోయింది.

"ఆగు! పిండితే పెరుగు కూడా గుడ్డలోంచి వచ్చేస్తుంది."

అత్తగారు మూట విప్పారు. గుడ్డను ఆనుకుని గట్టి పొర కట్టింది. లోపలి నీళ్లకు దారి లేకుండా చేసింది అదే. దాన్ని గరిటెతో గీకి మధ్యలోకి తోశారు. జారుగా ఉన్నది అంచులకొచ్చింది. ఉతికిన గుడ్డలోకి మార్చి, జల్లెడలో పెట్టి, మీద పళ్లెం, దాని మీద నీళ్ల చెంబు. కింద గిన్నెతో సహా మొత్తం ఫ్రిజ్‌లోకి వెళ్లిపోయింది.

అయిదింటికల్లా కోడలు మూట విప్పింది. తెల్లటి ముద్ద గుడ్డకు అంటకుండా ఊడివచ్చింది. వేలితో తాకితే తడి లేదు. మరాఠీలో దీన్నే చక్కా అంటారు. దాదాపు దానికి సమంగా చక్కెర పొడి కలిపి కాసేపు వదిలేసింది. చక్కెర కరిగేకొద్దీ ముద్ద వదులవుతుంది. అందుకే చక్కా అంత గట్టిగా ఉండాలి. తర్వాత జల్లెడ మీద వేసి అరచేత్తో రుద్దింది. ఒక్క పలుకు లేకుండా నున్నగా దిగింది. గోరువెచ్చటి పాలలో నానిన కుంకుమపువ్వు, యాలకుల పొడి, చిటికెడు జాజికాయ కలిపి పైన సారపప్పు చల్లింది.

భోజనాల దగ్గర పెదమామగారు రెండోసారి గిన్నె జరిపారు. "విరాటుడి కొలువులో వంటవాడిగా ఉన్నప్పుడు భీముడే దీన్ని మొదట చేశాడంటారు. ఆయన తర్వాత మా కోడలే!" అత్తగారు ఏమీ అనలేదు, మరో పూరీ వడ్డించారు.

ఈ ఉగాదికి మీరూ చేసి చూడండి. పొయ్యితో పెద్ద పనిలేదు. మీగడ తియ్యని పాల పెరుగు, పులుపెక్కక ముందే కట్టండి. కారిన తేట పారబోయకుండా పూరీల పిండి తడపండి. నీళ్లు పూర్తిగా దిగేదాకా మాత్రం చక్కెర డబ్బా మూత తియ్యకండి.