మార్చుకొనదగిన ల్యాప్‌టాపు: దాని పూర్వచరిత్ర

కంప్యూటరు ఆటల కొరకు తయారైన ల్యాప్‌టాపులు ఏటేటా క్రొత్తవి వెలువడుచున్నవి. వానిలో అధిక మూల్యము గల కొన్నింటిని గురించి తయారుదారులు ఒక విశేషము చెప్పుదురు. ఆ యంత్రము తక్కిన వానివలె పాతబడి మూలకు చేరదట. అందలి ప్రాసెసరును, గ్రాఫిక్సు చిప్పును కొన్నాళ్ళకు తీసివేసి, వాని స్థానమున క్రొత్తవి అమర్చుకొనవచ్చునట. ఇంజనీరింగులో చేరబోవు కుమారుడు ఈ మాట విని, ఇప్పుడు కొంత సొమ్ము ఎక్కువ పెట్టినచో పదేండ్ల వరకు మరల చూడనక్కరలేదని తండ్రిని ఒప్పింపజూచును. మధ్యతరగతి కుటుంబమునకు అది చిన్న సొమ్ము కాదు. కనుక ఈ వాగ్దానము ఎంతవరకు నమ్మదగినదో ముందుగా విచారించుట మంచిది. అందుకు చరిత్ర మనకు చక్కగా తోడ్పడును. ఏలయన ఇది క్రొత్త వాగ్దానము కాదు. అరువది ఏండ్లుగా కంప్యూటరు పరిశ్రమ దీనిని మరల మరల చేయుచునే ఉన్నది. కొన్ని పర్యాయములు నిలుపుకొన్నది, కొన్ని పర్యాయములు తప్పినది.

బావియు, మోటారును

పడమటి నెల్లూరు మెట్టలలో బావి సేద్యము ఎరిగినవారికి ఈ విషయము సులభముగా బోధపడును. పూర్వము చేజర్ల, ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతముల రైతులు ఎద్దులను కట్టి, కపిల తోలి, బావినీరు పైకి తెచ్చెడివారు. తరువాత అదే బావిగట్టునకు ఆయిలింజను వచ్చినది. పిదప దాని తావున కరెంటు మోటారు కూర్చున్నది. బావి మారలేదు, కాలువ మారలేదు, మడి మారలేదు. నీరు తోడు సాధనము మాత్రమే మారినది.

అయితే నీటిమట్టము దిగజారి బోర్లు వేయవలసి వచ్చినప్పుడు కథ అడ్డము తిరిగినది. గట్టుమీది పంపు నిజమునకు నీటిని లాగదు. అది గొట్టములోని గాలిని తగ్గించును. నీటిని పైకి త్రోయునది వాతావరణ పీడనము. ఆ పీడనము నీటిని 10.3 మీటర్లకు మించి ఎత్తజాలదు. ఆచరణలో 7 మీటర్లు దాటుటయే కష్టము. అందుచేత బోరులోనికే దింపదగిన సబ్‌మెర్సిబుల్ మోటారు కావలసి వచ్చినది. గట్టుమీది మోటారు చెడిపోలేదు; దానికి తగిన తావు పోయినది.

ఒక యంత్రములో భాగమును మార్చుకొనుట అను విషయములోని కీలకము ఇదియే. భాగము ఊడివచ్చుట గొప్ప కాదు. మరలు విప్పినచో ఏ భాగమైనను ఊడివచ్చును. దాని తావున కూర్చుండదగిన క్రొత్త భాగము తయారగుట ముఖ్యము. అట్లు తయారు కావలెనన్న, రెండు భాగములు కలియు చోటు, అనగా కీలు, మారక నిలువవలెను. కంప్యూటర్ల చరిత్రలో ఈ కీలు ఎక్కడ నిలిచినదో, ఎక్కడ తప్పినదో చూతము.

ఒకే కుటుంబపు యంత్రములు

1964కు పూర్వము పెద్ద కంప్యూటరు కొన్న సంస్థకు ఒక చిక్కు ఉండెడిది. పని పెరిగి ఇంకను పెద్ద యంత్రము కొన్నచో, పాత యంత్రమునకు వ్రాసిన ప్రోగ్రాములు దానిపై నడచెడివి కావు. ఐబీఎం వారి 1401 యంత్రమునకు వ్రాసినది అదే సంస్థవారి 7090 యంత్రమునకు పనికిరాదు. అన్నిటిని మరల వ్రాసికొనవలసినదే.

1964 ఏప్రిల్ 7న ఐబీఎం సంస్థ సిస్టమ్/360 అను యంత్రకుటుంబమును ప్రకటించి ఈ చిక్కును విప్పినది. అందు చిన్న యంత్రములును, పెద్ద యంత్రములును కలవు. లోపలి విద్యుద్వలయములు వేరువేరైనను, అవి గ్రహించు ఆజ్ఞలు ఒక్కటే. చిన్నదానిపై నడచిన ప్రోగ్రాము పెద్దదానిపైనను నడచును. పాత 1401 ప్రోగ్రాములను అనుకరించి నడపు సదుపాయము సైతము ఈ కుటుంబములోని మోడల్ 30నకు ఏర్పరచిరి. ఇచ్చట మారక నిలిచినది లోహపు కీలు కాదు, ఆజ్ఞల పట్టిక. యంత్రము మారినను శ్రమ వృథా కాలేదు.

హైదరాబాదు కంప్యూటర్లు

మన ప్రాంతమున ఈ సమస్య హైదరాబాదు ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ వారికి ఎదురైనది. 1967లో అణుశక్తి శాఖ క్రింద, డాక్టరు ఏ. ఎస్. రావుగారి నాయకత్వమున వెలసిన ఈ సంస్థను అందరును ఈసీఐఎల్ అని పిలుతురు. ట్రాంబేలోని శాస్త్రజ్ఞుల కృషి ఫలితముగా 1969లో టీడీసీ-12 అను కంప్యూటరు సిద్ధమైనది. దానిని అభివృద్ధి చేయగా 1974లో టీడీసీ-312 వచ్చినది. ఆ మరుసటి ఏట టీడీసీ-316 వచ్చినది.

మొదటి రెండును 12 బిట్ల యంత్రములు. మూడవది 16 బిట్ల యంత్రము. ఈ అంకెల అర్థమును విద్యార్థులు లెక్క కట్టి చూడవచ్చును. 12 బిట్లతో వేరువేరుగా సూచింపగల స్థానములు 2ను 12 మారులు హెచ్చించగా వచ్చు 4,096 మాత్రమే. 16 బిట్లతో 65,536 స్థానములను సూచింపవచ్చును. నాలుగు బిట్లు పెరిగినంతనే సామర్థ్యము పదునారు రెట్లైనది. కాని 12 బిట్ల కొలతకు కూర్చిన ఆజ్ఞలు 16 బిట్ల యంత్రమునకు యథాతథముగా చెల్లవు. ఇది బావి నుండి బోరుకు మారుట వంటిది. ఆ మార్పు అవసరమైనదే. కాని అది భాగమును మార్చుట కాదు, యంత్రమునే మార్చుట.

ఆ దశాబ్దమే మరియొక పాఠమును నేర్పినది. 1973 నాటి విదేశమారక చట్టము ననుసరించి తన వాటాను తగ్గించుకొనుటకు ఐబీఎం అంగీకరింపక, 1978లో మన దేశమును విడిచినది. ఆ సంస్థ యంత్రములు మాత్రము ఇచ్చటి కార్యాలయములలో మిగిలినవి. వాని మరమ్మతు బాధ్యతను కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్ అను ప్రభుత్వ సంస్థ వహించినది. సీఎంసీగా పేరొందిన ఆ సంస్థ తరువాత టాటావారి చేతికి వచ్చి, 2015లో టీసీఎస్‌లో విలీనమైనది. తయారుదారు వెడలిపోయినను, బాగుచేయువారును, విడిభాగములును ఉన్నంతకాలము యంత్రము బ్రతుకును. కొనువాడు తయారుదారు పేరును మాత్రమే గాక ఈ రెండవ సంగతిని కూడ గమనింపవలెను.

స్లాటుల కథ

1981 ఆగస్టులో ఐబీఎం వెలువరించిన పర్సనల్ కంప్యూటరులో అయిదు స్లాటులు ఉండెను. ఒక్కొక్క స్లాటులో ఒక్కొక్క కార్డు గ్రుచ్చి యంత్రమునకు క్రొత్త శక్తి చేర్చవచ్చును. అంతకన్న విశేషమేమన, ఆ స్లాటుల వివరములను వలయచిత్రములతో సహా గ్రంథముగా ప్రకటించిరి. అందుచేత ఎవరైనను వానికి సరిపోవు కార్డులు తయారుచేయగలిగిరి. 1984లో వచ్చిన పీసీ ఏటీ యంత్రములో స్లాటును పొడిగించిరేగాని పాత కార్డులను త్రోసివేయలేదు. 8 బిట్ల కార్డు 16 బిట్ల స్లాటులో కూర్చున్నది.

1987లో అదే సంస్థ పీఎస్/2 అను యంత్రములలో మైక్రో ఛానల్ అను క్రొత్త స్లాటును ప్రవేశపెట్టినది. అది వేగమైనదే. కాని పాత కార్డులు అందు పట్టవు. పైగా ఇతరులు దానిని వాడుకొనుటకు రుసుము చెల్లింపవలెను. మరుసటి ఏట తొమ్మిది కంపెనీలు కలిసి, పాత కార్డులు కూడ పట్టు మరియొక స్లాటును ప్రతిపాదించినవి. కొలది ఏండ్లలో మైక్రో ఛానల్ మరుగునపడినది. పరిశ్రమలోని పెక్కుమంది అంగీకరించిన పీసీఐ, దాని వెనుక పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్థిరపడినవి. నేటి బల్లమీది కంప్యూటరులో క్రొత్త గ్రాఫిక్సు కార్డును పాత పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటులో పెట్టినను పనిచేయును. వేగము మాత్రము రెండింటిలో తక్కువదాని హద్దునకు లోబడును. సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి బజారులలో వేరువేరు కంపెనీల భాగములు కొని ఒక యంత్రముగా కూర్చుకొనగలుగుట ఈ ఒడంబడికల ఫలమే.

ల్యాప్‌టాపులోని చిక్కు

బల్లమీది కంప్యూటరులో సాధ్యమైనది ల్యాప్‌టాపులో ఏల కష్టము? ముఖ్యకారణము వేడి. బల్లమీది ఆర్‌టీఎక్స్ 4090 కార్డు 450 వాట్ల వరకు విద్యుత్తును వినియోగించును. అనగా సుమారు 0.6 అశ్వశక్తి. ఆ విద్యుత్తంతయు తుదకు వేడిగా మారును. రెండు వ్రేళ్ళ మందము గల పెట్టెలో అంత వేడిని భరింపలేము. కనుక ల్యాప్‌టాపులో అదే పేరుగల చిప్పు 175 వాట్లకు మించి తీసికొనదు. పేరు ఒకటైనను రెండును ఒకటి కావు. బల్లమీది దానిలో 16,384 గణన విభాగములును 24 జీబీ జ్ఞాపకశక్తియు ఉండగా, ల్యాప్‌టాపు దానిలో 9,728 విభాగములును 16 జీబీయు మాత్రమే ఉన్నవి. పేరు చూచి కొనువారు ఈ సంగతిని మరువరాదు.

రెండవ కారణము ఆకారము. ప్రతి మోడలులో వేడిని కొనిపోవు రాగి గొట్టములు, ఫ్యానులు వేరువేరు తీరులలో ఉండును. ల్యాప్‌టాపు గ్రాఫిక్సు చిప్పులకు ఒకే కీలు ఉండవలెనని 2004లో ఎన్విడియా సంస్థ ఎంఎక్స్ఎం అను పద్ధతిని తెచ్చినది. కాని తయారుదారులు పలకల ఆకారమును తమ తమ అవసరమునకు తగినట్లు మార్చుకొనిరి. ఒక కంపెనీ పలక మరియొక కంపెనీ పెట్టెలో సరిపోకపోవుట సాధారణమైనది. క్రమముగా ఆటల ల్యాప్‌టాపులలో చిప్పును మదర్‌బోర్డుకే అతికివేయుట వాడుకయైనది.

రెండు ఉదాహరణములు

2019 జనవరిలో డెల్ సంస్థ ఏలియన్‌వేర్ ఏరియా-51ఎం అను ల్యాప్‌టాపును ప్రకటించినది. అందు బల్లమీది కంప్యూటరులో వాడు ఇంటెల్ ప్రాసెసరునే సాకెట్టులో ఉంచిరి. గ్రాఫిక్సు చిప్పును ఊడదీయదగిన పలకపై అమర్చిరి. బరువు సుమారు 3.9 కిలోలు. ప్రారంభపు ధర 2,549 డాలర్లు. నాటి మారకమున సుమారు 1,80,000 రూపాయలు. భాగములను మార్చుకొనవచ్చుననుట దాని ముఖ్యాకర్షణము.

2020లో ఇంటెల్ తరువాతి తరపు ప్రాసెసర్లను విడుదల చేసినది. వానికి ఎల్‌జీఏ 1200 అను క్రొత్త సాకెట్టు కావలెను. ఏరియా-51ఎంలో ఉన్నది ఎల్‌జీఏ 1151. సాకెట్టు ఉన్నది గాని దానిలో పట్టు క్రొత్త ప్రాసెసరు లేదు. డెల్ సంస్థ ఆ ఏడే క్రొత్త సాకెట్టుతో రెండవ మోడలును విడుదల చేసినది. తరువాతి తరపు భాగములు తమ యంత్రములకు అమరునని నమ్మించిరని ఆరోపించుచు 2021లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఒక వ్యాజ్యము దాఖలైనది. న్యాయము మాట అటుంచి, విజ్ఞానదృష్టితో చూచినచో సంగతి స్పష్టము. సాకెట్టును నిర్ణయించునది ల్యాప్‌టాపు తయారుదారు కాదు, ప్రాసెసరు తయారుదారు. ఒకరి చేతిలోని కీలును గురించి మరియొకరు మాట ఇచ్చుట కష్టము. ఏఎండీ సంస్థ 2016లో తెచ్చిన ఏఎం4 సాకెట్టుకు 2022 వరకును క్రొత్త ప్రాసెసర్లు వచ్చుచుండుట దీనికి ఎదుటి ఉదాహరణము.

రెండవ ఉదాహరణము ఫ్రేమ్‌వర్క్ అను చిన్న అమెరికా సంస్థ తయారుచేసిన 16 అంగుళముల ల్యాప్‌టాపు. ఇది 2024 ఆరంభమున కొనుగోలుదారులకు చేరినది. దీని గ్రాఫిక్సు విభాగము వెనుక నుండి జారి వచ్చు ఒక పెట్టెలో ఉండును. చిప్పుతోపాటు దాని ఫ్యానులు కూడ ఆ పెట్టెలోనే ఉండుట ఇందలి తెలివి. క్రొత్త చిప్పునకు తగిన చల్లదనము దానితోనే వచ్చును. ఆ కీలు కొలతలను పూర్వపు పీసీవలెనే బహిరంగముగా ప్రకటించిరి. 2025 ఆగస్టులో పాత యంత్రమునకే పట్టు ఆర్‌టీఎక్స్ 5070 విభాగమును, క్రొత్త మదర్‌బోర్డును ప్రకటించిరి. ఇచ్చట వాగ్దానము ఒక తరము వరకు నెరవేరినది. తరువాతి తరములకు అది హామీ కాకపోయినను, మొదటి ఉదాహరణమునకు దీనికి గల భేదము చిన్నది కాదు.

కొనదగునా?

ఈ చరిత్ర నుండి కొనువాడు గ్రహింపదగినది ఒక్కటి. మార్చుకొనవచ్చునను మాటకు అధిక మూల్యము చెల్లించుటకు ముందు, ఆ కీలు ఎవరి చేతిలో ఉన్నదో, దానికి సరిపోవు రెండవ తరపు భాగము ఇదివరకే అంగడికి వచ్చినదో లేదో విచారింపవలెను. రానిచో, యంత్రమును దాని నేటి శక్తిని బట్టి మాత్రమే వెలకట్టవలెను. రేపటి భాగమునకు నేడు సొమ్ము చెల్లింపరాదు. ఇప్పుడే విడుదలైన మోడలు విషయమున రెండవ భాగము వచ్చియుండదు గనుక, ఆ ఒక్క ఆశతో కొనవలసినవారు ఆగుట మేలు.

జ్ఞాపకశక్తి, ఎస్‌ఎస్‌డీల సంగతి వేరు. వాని కీలు పరిశ్రమ అంతటికిని ఉమ్మడియైనవి గనుక, అవి ఊడివచ్చు ల్యాప్‌టాపును కొనుట సాధారణమైన ధరలో కూడ లాభకరము. ర్యామును బోర్డుకు అతికిన మోడలులో ఆ అవకాశము ఉండదు. ముందుగా అడిగి తెలిసికొనవలెను. డెల్ సంస్థ 2022లో సొంతముగా తెచ్చిన క్యామ్ అను జ్ఞాపకశక్తి పలకను 2023 డిసెంబరులో జెడెక్ అను ప్రమాణసంస్థ అందరి ప్రమాణముగా ప్రకటించినది. ఒకరి కీలు పదుగురి కీలుగా మారుటకు ఇది మంచి సూచన.

మన ప్రాంతమునకు చెందిన సంగతి మరియొకటి కలదు. నెల్లూరు వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటును. చుట్టునున్న గాలియే వేడియైనప్పుడు ఫ్యాను ఎంత తిరిగినను చిప్పు చల్లబడుట తక్కువ. అప్పుడు యంత్రము తన వేగమును తానే తగ్గించుకొనును. కనుక ఇంట ఒకేచోట కూర్చుండి పనిచేయువారికి, ఆటలాడువారికి, బల్లమీది కంప్యూటరు అదే ధరకు ఎక్కువ శక్తినిచ్చును; దాని భాగములు కూడ సులభముగా మారును. హాస్టలుకు, కళాశాలకు తీసికొనిపోవలసిన విద్యార్థికి ల్యాప్‌టాపు తప్పదు. అట్టివాడు ర్యాము, ఎస్‌ఎస్‌డీ, బ్యాటరీ మార్చదగిన మధ్యరకపు యంత్రమును కొని, మిగిలిన సొమ్మును దాచి, నాలుగేండ్ల పిమ్మట మరియొకటి కొనుట ఉత్తమము.

ఉపాధ్యాయులు ఈ పాఠమును తరగతిలో చూపవచ్చును. పాఠశాలలో పనికిరాక పడియున్న పాత కంప్యూటరు ఉన్నచో, దాని ప్లగ్గు తీసివేసి, మూత విప్పి, సాకెట్టును, ర్యాము స్లాటులను, పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటును విద్యార్థులచే గుర్తింపజేయవలెను. పవర్ సప్లై పెట్టెను మాత్రము విప్పనీయరాదు. ప్లగ్గు తీసిన తరువాత కూడ అందలి కెపాసిటర్లలో విద్యుత్తు నిలిచియుండును. పిదప ఏ కీలునకు నేటికిని భాగములు దొరకుచున్నవో, ఏది ఒంటరిగా మిగిలినదో అంగడిలో విచారించి వ్రాసికొని రమ్మనవలెను. ఆ పట్టిక చేతిలో ఉన్న విద్యార్థి ఇంటిలో ల్యాప్‌టాపు బేరము వచ్చిననాడు తన తండ్రికి సరియైన సలహా ఇయ్యగలడు.