నామం వెనుక నిశ్చయార్థం: అస్సామీ, స్వీడిష్ భాషల పోలిక

స్వీడిష్‌లో ఆరుకు 'సెక్స్', అస్సామీలో 'సొయ్' అంటారు. రెండింటి మొదటా ఉన్నది మామూలు సకారమే. ఏడు దగ్గరికి వచ్చేసరికి రెండు భాషల్లోనూ మొదటి హల్లు నోటి వెనక్కి జరుగుతుంది. అస్సామీ వారు 'సాత్' అని రాస్తారు కానీ, హైదరాబాదు ఉర్దూలో 'ఖబర్' అన్నప్పుడు వినిపించే రాపిడి ధ్వనితో దాన్ని మొదలుపెడతారు. స్వీడిష్ 'షు' మొదటి ధ్వని కూడా చాలా ప్రాంతాల్లో దానికి దగ్గరలోనే, పెదవులు కాస్త గుండ్రమై పుడుతుంది. ఈ రెండు మాటలూ సంస్కృత 'సప్త'కు చుట్టాలే, ఒకే ఇండో-యూరోపియన్ మూలం నుంచి వచ్చినవే. అయినా ఆ మూలంలో ఉన్నది సకారమే తప్ప ఈ కంఠ్యధ్వని కాదు. అస్సామీలో పదాది శ, ష, స మూడూ కలిసిపోయి వెనక్కి జరిగాయి, వాటి చోటులోకి చ, ఛ వచ్చి సకారమయ్యాయి. ప్రాకృతంలో ఛకారంతో మొదలైన ఆరు అందుకే 'సొయ్' అయింది. స్వీడిష్‌లో జరిగింది వేరు. సకారం పక్కనున్న యకారంతో కలిసి కొత్త ఊష్మమై, ఆ తర్వాత వెనక్కి వెళ్లింది. ఆరులో యకారం లేదు కనుక దాని సకారం అలాగే నిలిచింది.

ఇలాంటి జంటలు ఆకర్షిస్తాయి, అందుకే వీటితో జాగ్రత్తగా ఉండాలి. ఈ రెండు భాషలనూ ఇంతవరకు ఎక్కువగా పొరుగు భాషల పక్కన పెట్టే చూశారు, దానికి కారణం చరిత్రలోనే ఉంది. 1836లో అస్సాం కోర్టులు, బడుల్లోకి బెంగాలీ వచ్చింది. అస్సామీకి ఆ స్థానం తిరిగి దక్కింది 1873లో. బెంగాలీకి మాండలికం కాదని నిరూపించుకోవాల్సిన భాషకు ప్రతి తేడా ఒక సాక్ష్యమే. అస్సామీ భాషావేత్త బాణీకాంత కాకతి తన భాషపై 1941లో ప్రచురించిన గ్రంథాన్ని ఈ నేపథ్యం మరిచి చదవలేం. 1523లో డెన్మార్కుతో తెగతెంపులైన స్వీడన్‌కు 1541 నాటి గుస్తావ్ వాసా బైబిల్ డేనిష్‌కు దూరంగా జరిగిన రాతభాషనిచ్చింది. దూరపు భాషతో పోలికకు ఈ బరువు లేదు.

మూర్ధన్యాల విషయంలో తెలుగు పాఠకుడు తడబడతాడు. ట, త తేడా భారతీయ భాషల సొత్తని మనకో నమ్మకం. అస్సామీ లిపిలో రెండూ ఉన్నాయి, నోట మాత్రం ఒకటే దంతమూలీయ ధ్వని. రకారం తర్వాత త, ద, న, స వస్తే మూర్ధన్యమయ్యేది స్వీడిష్‌లోనే. బల్లకు వాళ్ల మాట దాదాపు 'బూడ్'. దక్షిణాన స్కోనె ప్రాంతంలో రకారం గొంతులో పలుకుతుంది, అక్కడ ఈ మూర్ధన్యాలు లేవు.

నా దృష్టిలో అసలు పోల్చదగినది నిశ్చయార్థం. స్వీడిష్‌లో 'బూక్' అంటే పుస్తకం, 'ఎన్ బూక్' ఒక పుస్తకం, 'బూకెన్' ఆ తెలిసిన పుస్తకం. అస్సామీలో 'ఎఖొన్ కితాప్' ఒక పుస్తకం, 'కితాప్‌ఖొన్' ఆ తెలిసిన పుస్తకం. రెండింటిలోనూ నిశ్చయార్థం నామం వెనుకే చేరుతుంది, షష్ఠి దాని తర్వాతే వస్తుంది: 'బూకెన్స్', 'కితాప్‌ఖొనొర్'. విడదీస్తే నామం, నిశ్చయం, విభక్తి, అదే వరుస.

పైకి ఇంత దగ్గరగా కనిపించే ఈ రెండు రూపాల లోపలి చరిత్ర వేరు. స్వీడిష్‌లో ముందున్న 'ఎన్', వెనకున్న 'ఎన్' ఒకటి కావు. మొదటిది 'ఒకటి' అనే సంఖ్య. రెండోది ఒకప్పుడు విడిగా నిలిచిన నిర్దేశక పదం. స్వీడిష్‌కు చుట్టమైన ఐస్‌లాండిక్‌లో 'ఆ తెలిసిన గుర్రం' షష్ఠి 'హెస్ట్స్‌ఇన్స్', అంటే నామానికీ ప్రత్యయానికీ వేర్వేరుగా విభక్తి. అతుకు ఎక్కడ పడిందో అక్కడ ఇంకా కనిపిస్తుంది. స్వీడిష్‌లో అది మాసిపోయింది. అస్సామీలో మాత్రం 'ఎఖొన్'లోని ఖొన్, 'కితాప్‌ఖొన్'లోని ఖొన్ నిజంగా ఒకటే. అది వస్తువు ఏ రకందో చెబుతూ సంఖ్యతో అంటుకునే వర్గసూచకం. 'తినిఖొన్ కితాప్' అంటే మూడు పుస్తకాలు, 'కితాప్ తినిఖొన్' అంటే ఆ మూడు పుస్తకాలు. చోటు మారితే చాలు, నిశ్చయార్థం పుడుతుంది. స్వీడిష్‌కు ఈ సౌలభ్యం లేదు. సంఖ్యో విశేషణమో వస్తే ముందొక పదం, వెనకొక ప్రత్యయం, రెండూ కావాలి: 'దెన్ స్తూర బూకెన్'. పక్కనే ఉన్న డేనిష్ ఇక్కడ వెనక ప్రత్యయాన్ని వదిలేస్తుంది. అస్సామీలో 'డాఙొర్ కితాప్‌ఖొన్' అంటే సరిపోతుంది.

వర్గసూచకాలు అస్సామీ ఒక్కదాని సొత్తు కాదు. బెంగాలీలో ఉన్నాయి, బోడోలో ఉన్నాయి, అహోములు తెచ్చిన తాయ్ భాషలోనూ ఉన్నాయి. 1956లో భాషాశాస్త్రవేత్త ఎమెనో భారతదేశాన్ని ఒక భాషామండలంగా, అంటే వేర్వేరు కుటుంబాల భాషలు లక్షణాలు పంచుకున్న ప్రాంతంగా నిరూపించడానికి వీటినే ముఖ్య ఆధారంగా తీసుకున్నాడు. అస్సామీలో వీటి విస్తృతి ముచ్చట గొలుపుతుంది. పుస్తకానికీ దేశానికీ సభకూ ఖొన్, తాడుకూ కర్రకూ వెంట్రుకకూ డాల్, చెట్టుకు జోపా. మనుషుల దగ్గర ఈ ఎంపిక మర్యాదను కూడా మోస్తుంది. 'మానుహ్‌జొన్' అంటే ఆ మనిషి, 'మానుహ్‌టో' అంటే చులకన, గౌరవనీయులైతే 'గొరాకీ'. ఎవరి గురించి ఎంత మర్యాదతో అన్నారో ప్రత్యయమే చెప్పేస్తుంది. స్వీడిష్ వక్తకు ఈ అవకాశం లేదు. పుస్తకం 'ఎన్', ఇల్లు 'ఎత్', అంతే. ఇష్టమున్నా లేకున్నా నామంతో పాటే నేర్చుకోవాలి.

లింగం దగ్గర ఈ తేడా తలకిందులవుతుంది. వ్యాకరణంలో లింగభేదం ఉన్నది స్వీడిష్‌కే, అస్సామీకి లేదు. కానీ స్వీడిష్‌లో పాత పుంలింగ, స్త్రీలింగాలు కలిసిపోవడంతో పురుషుడు 'మన్నెన్', స్త్రీ 'క్విన్నన్' ఇద్దరూ ఒకే లింగంలో పడ్డారు, బిడ్డ మాత్రం 'బార్న్' అయి నపుంసకంలో మిగిలింది. లింగం లేని అస్సామీలోనేమో 'జొనీ' అనే సూచకం ఉంది. అది ఆడపిల్లకూ వస్తుంది, ఆవుకూ వస్తుంది. అమ్మాయి వచ్చింది, ఆవు వచ్చింది అని ఒకే క్రియారూపం వాడే తెలుగువాళ్లకు ఇది కొత్త కాదు. కాకపోతే మన క్రియ గౌరవం కోరితే 'వచ్చారు' అంటుంది, అస్సామీలో ఆ పని నామం చివర కూడా జరుగుతుంది.