చేతులు మారిన హుక్కా

1600 దాటిన తొలి ఏళ్ళలో బీజాపూరు నుంచి తిరిగివచ్చిన మొఘల్ దూత అసద్ బేగ్, రత్నాలు పొదిగిన పొగగొట్టాన్ని అక్బరు ముందుంచాడు. చక్రవర్తి ఒకటి రెండు దమ్ములు లాగాడో లేదో ఆస్థాన వైద్యుడు అడ్డుపడ్డాడు. మన గ్రంథాల్లో పొగాకు ఊసే లేదు, గుణం తెలియనిదాన్ని ప్రభువులు ఎలా సేవిస్తారని ఆయన వాదన. లోకంలో ప్రతి ఆచారమూ ఒకనాడు కొత్తదే కదా అని అసద్ బేగ్ బదులిచ్చాడు. అక్బరు పొగ అలవాటు చేసుకోలేదు గానీ దర్బారు చేసుకుంది. 1617లో జహంగీరు నిషేధించినా ఆగలేదు. నీటి మీదుగా లాగే హుక్కా హోదాకు గుర్తయింది. బీదరు పనివాళ్ళు దాని అడుగుపాత్ర మీద వెండి లతలు అల్లారు.

హకీము అడిగిన ప్రశ్నను మాత్రం తర్వాత చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. హుక్కా తమది కాని సమాజాలు దాన్ని మెచ్చుకున్నా, ఈసడించుకున్నా, ఆ పొగ ఒంటికి ఏం చేస్తుందని ఆలోచించి కాదు. గొట్టం ఎవరి చేతిలో ఉందో చూసి తీర్పు చెప్పాయి.

ఇంగ్లీషువాళ్ళ కథే ఇందుకు సాక్ష్యం. 1777లో కలకత్తాలో దిగిన అటార్నీ విలియం హికీకి, హుక్కా పట్టనిదే ఇక్కడ నెగ్గుకురాలేవని తోటివాళ్ళు చెప్పారు. ఆయనకది పడలేదు. భోజనమైనా మానుకుంటాం గానీ హుక్కా మానలేమనేవాళ్ళు చుట్టూ ఉన్నారని తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. 1779లో గవర్నర్ జనరల్ వారెన్ హేస్టింగ్స్ దంపతుల విందు పిలుపులో ఒక షరతు ఉంది: హుక్కాబర్దారు తప్ప మరో నౌకరును వెంట తేవద్దని. పొగాకును బెల్లంతో, సుగంధద్రవ్యాలతో కలిపి గుడాకు చేయడం, నిప్పు ఆరకుండా కనిపెట్టుకుని ఉండటం ఈ హుక్కాబర్దారు పని. మరొకరి హుక్కా గొట్టాన్ని దాటి నడిస్తే అది పెద్ద అవమానం. దొరసానులూ హుక్కా పట్టేవారు.

1830లు దాటాక ఆ మోజు తగ్గుతూ వచ్చింది. నవాబుల దయతో వ్యాపారం సాగినంతకాలం గొప్పగా తోచిన హుక్కా, తామే ఏలికలమన్న భావం ముదిరాక నామోషీగా తోచింది. పొగ మానారా అంటే లేదు, చుట్ట పట్టారు. తిరుచిరాపల్లి చుట్టలతోపాటు మన గోదావరి లంకల పొగాకు చుట్టలూ దొరల నోటికెక్కాయి. 1890 నాటి షెర్లాక్ హోమ్స్ నవల ‘ద సైన్ ఆఫ్ ఫోర్’లో లంక చుట్ట పేరు కనిపిస్తుంది.

ఇంగ్లండులో హుక్కా వింత వస్తువుగా మిగిలింది. 1865లో ‘ఆలిస్ ఇన్ వండర్‌ల్యాండ్’ కథలో పుట్టగొడుగు మీది గొంగళిపురుగు చేతికి చేరింది. 1967లో అమెరికా రాక్ బృందం జెఫర్సన్ ఎయిర్‌ప్లేన్ ఆ గొంగళిపురుగును తమ పాటలోకి తెచ్చుకుంది. 1990ల తర్వాత తీపి, పండ్ల వాసన కలిపిన పొగాకుతో అదే హుక్కా ‘షీషా’గా అరబ్బు కేఫ్‌ల నుంచి లండన్, అమెరికా విద్యార్థుల కాలక్షేపంలోకి వచ్చింది. నీళ్ళు వడకట్టేస్తాయని వాళ్ళ ధీమా.

2005లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినదాన్ని హకీముకు అందిన జవాబుగానే నేను చూస్తాను. గంటసేపు హుక్కా పడితే ఒక్క సిగరెట్టుకు 100 నుంచి 200 రెట్ల పరిమాణంలో పొగ లోపలికి పోవచ్చు. నీళ్ళు విషాన్ని ఆపవు, బొగ్గు నుంచి కార్బన్ మోనాక్సైడ్ అదనం. 2007 జులై 1న ఇంగ్లండులో నాలుగు గోడల మధ్య ఉన్న బహిరంగ స్థలాల్లో ధూమపానాన్ని నిషేధించినప్పుడు లండన్ ఎడ్జ్‌వేర్ రోడ్డులోని షీషా కేఫ్‌లకు మినహాయింపు దొరకలేదు. హుక్కాలు పేవ్‌మెంటు మీదికి వచ్చాయి.

2024 ఫిబ్రవరిలో తెలంగాణ శాసనసభ హుక్కా పార్లర్ల నిషేధ బిల్లును ఏకగ్రీవంగా ఆమోదించింది. మంచి పనే చేసింది. కానీ శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో ఆడవాళ్ళు చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ అంగిలి కేన్సరుకు దారితీస్తుందని వైద్యులు దశాబ్దాలుగా చెబుతున్నారు. అది మన ఇంటి అలవాటు కాబట్టే దాని మీద మనకు ఇంత పట్టుదల రాలేదు.