ఇచ్చంపల్లి దగ్గర ఆగిన నీళ్లు: లాల్ శ్యామ్ షా గారిని తలుచుకుంటూ

ప్రాణహితకు ఇవతల మనం ఉన్నాం, అవతల కూడా మనమే ఉన్నాం. రాష్ట్రాల సరిహద్దులు నదుల మీద గీశారు గానీ మన గోత్రాల మీద గీయలేదు. పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతరకు మహారాష్ట్ర నుంచి, ఛత్తీస్‌గఢ్ నుంచి చుట్టాలు బండ్లు కట్టుకొని వచ్చేది అందుకే. అయితే ఆ చుట్టరికాన్ని మనం జాతర వరకే గుర్తుపెట్టుకుంటున్నాం. ఆవలి ఒడ్డున మన అడవి కోసం, మన నది కోసం నిలబడిన పెద్దల పేర్లు మన పిల్లలకు తెలియవు. కొమురం భీం పేరు తెలియని గూడెం లేదు. లాల్ శ్యామ్ షా పేరు విన్న గూడెం మాత్రం ఎక్కడోగాని కనిపించదు. ఈ ప్రత్యేక సంచికలో ఆయన గురించి రాయాలని మేము అనుకున్నది ఇందుకే.

శ్యామ్ షా గారు గోండు జమీందారీ కుటుంబానికి చెందినవారు. వారిది పానాబరస్ జమీందారీ. నేటి ఛత్తీస్‌గఢ్‌లో 2022లో ఏర్పడిన మోహలా–మాన్‌పూర్–అంబాగఢ్ చౌకీ జిల్లాలో ఆ ప్రాంతం ఉంది. దానికి ఆనుకునే మహారాష్ట్ర గడ్చిరోలి అడవులు మొదలవుతాయి. స్వాతంత్ర్యం వచ్చాక మధ్యప్రదేశ్‌లో చట్టం చేసి జమీందారీలను రద్దు చేశారు. అడవి ప్రభుత్వం చేతికి వెళ్లింది. దాంతో గూడేల మీద అధికారం జమీందారు నుంచి అటవీ శాఖకు, ఆ శాఖ ఇచ్చే కూపుల ద్వారా కంట్రాక్టరుకు మారింది. టేకు దుంగలు లారీలెక్కాయి, వెదురు కాగితం మిల్లులకు వెళ్లింది. మన వైపు కాగజ్‌నగర్‌కు వెళ్లినట్టే, ఆ వైపు బల్లార్‌పూర్‌కు వెళ్లింది. ఆ వెదురు నరికిన చేతులకు దక్కింది కూలి మాత్రమే. తరతరాలుగా ఆ అడవిలో బతికినవాళ్లు అదే అడవిలో కట్టె తెచ్చుకుంటే నేరమైంది.

జమీందారీ పోయినవారిలో చాలామంది పట్నాలకు వెళ్లిపోయారు, కొందరు పెద్ద పార్టీల్లో చేరి పదవులు చూసుకున్నారు. శ్యామ్ షా గారు ఆ దారి పట్టలేదు. అడవి బిడ్డల తరఫున మాట్లాడేందుకు ఎన్నికల్లో నిలబడ్డారు. మధ్యప్రదేశ్ శాసనసభకు ఎన్నికయ్యారు. తర్వాత 1962లో చాందా లోక్‌సభ స్థానం నుంచి స్వతంత్ర అభ్యర్థిగా గెలిచారు. చాందా అంటే నేటి చంద్రపూర్. మన ఆదిలాబాద్ అడవులకు ఆవలి ఒడ్డు. వెనక పెద్ద పార్టీ లేకుండా ఒక ఆదివాసీ నాయకుడు పార్లమెంటుకు వెళ్లడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు.

కానీ ఆయన ఆ కుర్చీలో ఐదేళ్లు కూర్చోలేదు. 1964లో రాజీనామా చేశారు.

దీనికి కారణం తెలియాలంటే అప్పటి దండకారణ్యం పరిస్థితి తెలియాలి. దేశ విభజన తర్వాత తూర్పు పాకిస్తాన్ నుంచి లక్షలాది మంది కాందిశీకులు వచ్చారు. వారిని స్థిరపరచడానికి కేంద్ర ప్రభుత్వం 1958లో దండకారణ్య ప్రాజెక్టు పెట్టింది. బస్తర్‌లోనూ, ఒడిశాలోని కోరాపుట్, కలహండి ప్రాంతాల్లోనూ అడవి కొట్టి ఊళ్లు కట్టారు. 1964లో మళ్లీ పెద్దఎత్తున కాందిశీకులు రావడంతో చాందా జిల్లా అడవుల్లో కూడా కొందరికి భూములిచ్చారు. ఇల్లూ వాకిలీ పోగొట్టుకొని వచ్చిన ఆ మనుషుల దుఃఖం నిజమైనదే, దాన్ని మనం తక్కువ చేయకూడదు. అయితే ఢిల్లీలో పటం ముందు కూర్చున్నవాళ్లకు ఆ అడవి ఖాళీ జాగాగా కనిపించింది. అందులో గూడేలున్నాయి, పోడు ఉంది, పెన్‌ల గుళ్లున్నాయి. చేసుకునే భూమికి పట్టా లేని ఆదివాసీ పక్కనే నిలబడి చూస్తుండగా అడవి మరొకరికి పంచడం న్యాయమా అన్నదే శ్యామ్ షా గారి ప్రశ్న. ఆదివాసుల గోడు సభలో వినబడనప్పుడు ఆ సభలో తన సభ్యత్వానికి అర్థం లేదని ఆయన తేల్చుకున్నారు.

పదవి వదిలితే ఏం సాధించినట్టు అని మీలో కొందరు అడగవచ్చు. మా సంఘం సమావేశాల్లో కూడా ఈ ప్రశ్న వచ్చింది. లోపల ఉండి పోరాడాలి గానీ బయటికి రావడమేమిటని కొందరు వాదించారు. ఆ వాదనలో బలం ఉంది. చట్టాలు తయారయ్యేది సభల్లోనే, సభలో మన గొంతు లేకపోతే మన మీద చట్టం మనకు తెలియకుండానే వస్తుంది. కానీ శ్యామ్ షా గారి జీవితం రాజీనామాతో ఆగలేదు. ఆయన చేసిన పెద్ద పని దాని తర్వాత ఇరవై ఏళ్లకు వచ్చింది. అప్పుడు ఆయన చేతిలో ఏ పదవీ లేదు.

ఆ పని మన గోదావరికి సంబంధించినది. గోదావరి నీళ్ల పంపకం గురించి ఏర్పడిన ట్రిబ్యునల్ 1980లో తుది తీర్పు ఇచ్చింది. రాష్ట్రాలు అంతకుముందు చేసుకున్న ఒప్పందాలను అందులో చేర్చింది. పోలవరం అందులోదే. ఆంధ్రప్రదేశ్, మధ్యప్రదేశ్, మహారాష్ట్ర కలిసి కట్టాల్సిన ఇచ్చంపల్లి ప్రాజెక్టు కూడా అందులోదే. ఇంద్రావతి గోదావరిలో కలిసే చోటుకు కొద్ది మైళ్ల దిగువన, నేటి జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో ఉంది ఇచ్చంపల్లి. ఎగువన ఇంద్రావతి మీద భోపాలపట్నం దగ్గర మరో ఆనకట్ట తలపెట్టారు. ఈ రెండూ కడితే నీళ్లు వెనక్కి తన్ని మూడు రాష్ట్రాల అడవిని ముంచుతాయి. గడ్చిరోలిలో, బస్తర్‌లో మాడియాల, గోండుల ఊళ్లు పోతాయి. మన వైపు గోదావరి ఒడ్డు పల్లెలూ పోతాయి. 1983లో పులుల అభయారణ్యంగా ప్రకటించిన ఇంద్రావతి వనం ఆ లోయలోనే ఉంది. అడవి దున్నలకు మిగిలిన కొద్ది నెలవుల్లో అదొకటి.

ఈ ప్రాజెక్టుల వల్ల లాభం లేదని మనం అనలేం. కరెంటు వస్తుంది, దిగువ పొలాలకు నీళ్లు వస్తాయి. కానీ లాభం ఒక చోట, నష్టం మరో చోట. నష్టపోయేవారిని ఎవరూ అడగలేదు. గ్రామసభను అడగాలనే చట్టం అప్పటికి లేదు. నిర్వాసితులకు పునరావాసం హక్కుగా ఇచ్చే జాతీయ చట్టం కూడా లేదు.

ఆ సమయంలో శ్యామ్ షా గారు, బాబా ఆమ్టే గారు చేతులు కలిపారు. ఆమ్టే గారి గురించి మీకు తెలిసే ఉంటుంది. వరోరా దగ్గర ఆనందవన్‌లో కుష్ఠు రోగులకు నీడనిచ్చినవారు. భామ్రాగఢ్ అడవుల్లో హేమల్‌కస దగ్గర 1973లో మాడియాల కోసం సేవా కేంద్రం మొదలుపెట్టినవారు. ఒకరు అడవిలో పుట్టిన పెద్దమనిషి, ఇంకొకరు సేవకై అడవికి వచ్చిన మనిషి. ఇద్దరూ కలిసి ‘జంగల్ బచావో, మానవ్ బచావో’ ఉద్యమాన్ని ముందుండి నడిపారు. 1984లో గడ్చిరోలిలో ఆదివాసులు పెద్దఎత్తున కదిలారు. ఆ ఉద్యమం పేరును ఒకసారి గమనించండి. అడవిని కాపాడండి, మనిషిని కాపాడండి. పులిని కాపాడటానికి మనిషిని వెళ్లగొట్టమని అది అనలేదు. మనిషి బాగు కోసం అడవిని నరకమనీ అనలేదు. రెంటినీ కలిపి ఒక్క మాటగా అంది. పర్యావరణం గురించి ఈ రోజు పెద్ద పెద్ద సదస్సుల్లో మాట్లాడేది మన పెద్దలు నలభై ఏళ్ల కింద ఆ నాలుగు మాటల్లో చెప్పారు.

అప్పటి వాతావరణం కూడా కొంత కలిసి వచ్చింది. 1980లో అటవీ సంరక్షణ చట్టం వచ్చి, అటవీ భూమిని వేరే పనికి వాడాలంటే కేంద్రం అనుమతి తప్పనిసరి అయింది. కేరళలో సైలెంట్ వ్యాలీ జలవిద్యుత్ ప్రాజెక్టును 1983లో విరమించుకున్నారు. బాబా ఆమ్టే గారి లేఖకు ప్రధాని ఇందిరా గాంధీ 1984 ఆగస్టులో జవాబు రాస్తూ, ఆదివాసులను వారి నెలవుల నుంచి కదిలించే ప్రాజెక్టుల పట్ల తన అసంతృప్తిని తెలిపారు. ఆ తర్వాత రెండు నెలలకే ఆమె హత్యకు గురయ్యారు. కానీ ఆ రెండు ప్రాజెక్టులూ ముందుకు కదల్లేదు. భోపాలపట్నం దగ్గర ఇంద్రావతి నేటికీ పారుతూనే ఉంది. ఇచ్చంపల్లి ఆనకట్ట నేటికీ కట్టలేదు.

అదంతా ఒక్క శ్యామ్ షా గారి వల్లే జరిగిందని చెబితే చరిత్రకు అన్యాయం చేసినట్టే. ముంపు, ఖర్చు, వాటాల మీద రాష్ట్రాల మధ్య పేచీలు కూడా దానికి కారణమే. కానీ ముంపు ప్రాంతాన్ని పటం మీద నీలిరంగుగా మాత్రమే చూస్తున్న రోజుల్లో, అక్కడ మనుషులున్నారని దేశం వినేలా చెప్పినవాళ్లు ఆ ఉద్యమకారులే. అదే ట్రిబ్యునల్ తీర్పులోని పోలవరం సంగతి చూస్తే తేడా మనకు తెలుస్తుంది. 2014లో భద్రాచలం చుట్టుపక్కల ఏడు మండలాలను రాష్ట్రం మార్చారు. నిర్వాసిత కుటుంబాలు లక్షకు పైగా అని ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి. వారిలో సగం మందికి పైగా మన కోయ, కొండరెడ్డి బంధువులే.

శ్యామ్ షా గారు 1988లో కన్నుమూశారు. ఆయన చూడని చట్టాలు ఇప్పుడు మన చేతిలో ఉన్నాయి. 1996లో పెసా చట్టం వచ్చి, షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభకు గుర్తింపు ఇచ్చింది. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు, మన ఏజెన్సీ భూములను గనుల కోసం ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదని చెప్పింది. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. ఒకప్పుడు ‘జంగల్ బచావో’ నినాదం వినబడిన ఆ గడ్చిరోలిలోనే మెండా–లేఖా గ్రామం ఆ చట్టం కింద సామూహిక అటవీ హక్కు పొందింది. 2011లో తన వెదురును తానే అమ్ముకునే అధికారం సాధించింది. 2013లో ఒడిశా నియమగిరిలో పన్నెండు గ్రామసభలు బాక్సైట్ గని వద్దని తీర్మానం చేశాయి. కంట్రాక్టరు లారీ వెళ్లిపోతుంటే చూస్తూ నిలబడిన తరం నుంచి మనం ఇంత దూరం వచ్చాం.

అయితే ఇచ్చంపల్లి కథ ముగియలేదు. గోదావరి నీటిని కావేరికి మళ్లించే నదుల అనుసంధానం ప్రతిపాదనల్లో ఆ పేరు మళ్లీ మళ్లీ వస్తోంది. దాని ఎత్తు ఎంత, ముంపు ఎంత, అడవి ఎంత అన్నది కాగితాల మీద మారుతూ ఉంటుంది. ఆ కాగితాలు మన భాషలో మన గూడేనికి రావు. వచ్చినా చదివి చెప్పేవాళ్లు ఉండాలి.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, అక్కడే మీ పని ఉంది. మీరు చదువుకున్నారు. మీ ఊళ్లో గ్రామసభ ఎప్పుడు జరుగుతుందో తెలుసుకొని వెళ్లండి. తీర్మానం చదివాకే వేలిముద్ర వేయమని పెద్దలకు చెప్పండి. మీ ఊరికి సామూహిక అటవీ హక్కు పత్రం వచ్చిందో లేదో ఐటీడీఏలో అడగండి. ఊరి హద్దులు, చెరువులు, పెన్‌ల చోట్లు, ఇప్ప చెట్లు, తునికాకు కోసే అడవి అన్నీ ఒక పటం మీద మీరే గీసి ఉంచండి. రేపు ఎవరైనా ఆ పటాన్ని ఖాళీ జాగా అన్నరోజు మీ దగ్గర జవాబు ఉంటుంది. మీలో ఎవరైనా శాసనసభకు వెళితే మాకు గర్వమే. వెళ్లినవారు శ్యామ్ షా గారిని గుర్తుపెట్టుకోవాలి. పదవిలో ఉన్నా, పదవి వదిలినా ఆయన అడవి మాటే మాట్లాడారు.

జై సేవా.