మడి దున్నేవాడికి మనసుండదా?

మన తెలుగు నవల మనిషి బుర్రలోకి ఎప్పుడు దూరిందో తెలుసా? స్వాతంత్ర్యం వచ్చే రోజుల్లోనే. 1947లో గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ వచ్చింది. అందులో సీతారామారావుకి అసలు శత్రువు తన ఆలోచనలే. తర్వాత రావిశాస్త్రి ‘అల్పజీవి’, 1969లో నవీన్ ‘అంపశయ్య’. ఇవన్నీ వస్తున్నప్పుడు దేశంలో అమల్లో ఉన్నది మాత్రం బ్రిటిషోళ్ళు 1912లో చేసిన లూనసీ యాక్ట్! అంటే పేరులోనే పిచ్చి. కొత్త చట్టం చేసింది 1987లో.

కానీ నాదొక కంప్లైంట్. వీళ్ళంతా చదువుకున్నోళ్ళే. మడి దున్నేవాడికి మనసుండదా?

ఉంటుందని రాసింది మా చిత్తూరు జిల్లా డాక్టర్ కేశవరెడ్డి. కుష్ఠు రోగులకి వైద్యం చేస్తానే నవలలు రాశారు. ‘మూగవాని పిల్లనగ్రోవి’లో బక్కిరెడ్డి అనే రైతుకి భూమి పోతుంది. కాగితం మీద పోయింది, మనసులోంచి పోలేదు. మన పక్క ఇట్లాంటోణ్ణి చూస్తే ‘గాలి సోకింది’ అని తాయెత్తు కడతారు. ఆఫీసుల్లో అయితే ‘మెంటల్’ అని నవ్వేస్తారు. ఆయన డాక్టరే కదా, ఏదో ఒక జబ్బు పేరు పెట్టి చేతులు దులుపుకోవచ్చు. అట్లా చెయ్యలేదు. మనిషికీ నేలకీ మధ్య తెగిన ముడి గురించే రాశారు. కేశవరెడ్డి గారు 2015లో పోయారు. మానసిక ఆరోగ్యం మీద ఇప్పుడున్న చట్టం 2017లో వచ్చింది.